ఉత్తర కార్తె, ఉత్తర ధ్రువం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు రెండు నెలల క్రిందటే అడిగారు. పెనుకొండ కోట మీదో, మన్రో దొర మీదో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకున్నాను. ఇంతలో గ్రూప్ వన్ పరీక్షకు చదువుకుంటున్న మా మనవరాలు ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మిద్దె మీద నా పక్కన కూర్చుని, భారత ప్రభుత్వం వారి ఆర్కిటిక్ విధానానికి ఆరు మూలస్తంభాలు ఉన్నాయని చెప్పి ఆరింటినీ గడగడ అప్పజెప్పింది. విజ్ఞాన పరిశోధన, వాతావరణ పరిరక్షణ, ఆర్థిక మానవాభివృద్ధి, రవాణా, పరిపాలనా వ్యవహారాలతో కూడిన అంతర్జాతీయ సహకారం, జాతీయ సామర్థ్యం పెంచుకోవడం. అన్నీ చెప్పి చివరికి, "ఇదంతా సరే గానీ తాతా, ఉత్తర ధ్రువంతో మనకేం పని? రాప్తాడులో తాగేదానికే నీళ్ళు కరువు, మనకు ఆ మంచెందుకు?" అంది.

నలభై ఏళ్ళ క్రిందట అయితే నేనూ అదే మాట అనేవాణ్ణి. ఆ రాత్రి మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కొన్నాళ్ళు లైబ్రరీలో కూర్చుని చదివాను. చదివినకొద్దీ, ఈ విధానానికి మొదలు ఢిల్లీలోనూ కాదు, గోవాలోనూ కాదు, మన కరువులోనే ఉందని తోచింది. ఎలాగో మనవి చేస్తాను.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని మన పెద్దల సామెత. ఉత్తర కార్తె అంటే సెప్టెంబరు రెండో పక్షం. మన జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో మిగతా నెలలన్నిటికంటే సెప్టెంబరులోనే ఎక్కువ పడాలి. నైరుతి గాలి పడమటి కనుమలు దాటి వచ్చేసరికి తడి ఆరిపోతుంది, ఈశాన్యం కోస్తాలో కురిసి ఇక్కడికి చేరేసరికి బలం తగ్గుతుంది. శెనక్కాయకు కాయ ఊరేదీ ఆ రోజుల్లోనే. ఉత్తర మొండికేస్తే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవడమే. సామెతలోని ఉత్తర నక్షత్రం పేరే గానీ దిక్కు కాదు. అయినా వాన ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే ఉత్తర దిక్కుకు చూడాలని మొదట అనుకున్నవాడు ఒక ఇంగ్లీషు దొర.

1876-78 నాటి ధాత కరువు సంగతి మా తాతగారు తన తాతగారి నోట విన్నది చెబుతుండేవారు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో విడిపోయింది. ఆ కరువులో మదరాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. భారత వాతావరణ శాఖ ఏర్పడింది కరువుకు ముందు ఏడే, 1875లో. దానికి అధిపతి అయిన హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ను, వానలు ఎలా ఉంటాయో ముందుగా చెప్పగలవా అని కరువు తర్వాత ప్రభుత్వం వారు అడిగారు. ఆయన పాత లెక్కలన్నీ తిరగేసి, హిమాలయాల మీద మంచు ఎక్కువగా పడి ఆలస్యంగా కరిగిన ఏడు ఇక్కడ వానలు తగ్గుతున్నాయని 1884లో లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించారు. 1886 జూన్ 4న దేశంలో మొట్టమొదటి రుతుపవన అంచనా వెలువడింది. అంటే మన ముందుతరాల చావుల లెక్క నుంచే ఈ శాస్త్రం పుట్టిందన్నమాట. ఆ తర్వాత గిల్బర్ట్ వాకర్ ఇరవై ఏళ్ళు అధిపతిగా ఉండి పసిఫిక్ సముద్రం దాకా చూపు సారించాడు. 1976లో హాన్, శుక్లా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హిమాలయాలు దాటి ఐరోపా, సైబీరియాల మంచుకూ మన వానకూ సంబంధం ఉన్నట్టు చూపారు. 1988 నుంచి మన వాతావరణ శాఖ వాడిన 16 అంశాల లెక్కలో ఆ మంచు కూడా ఒక అంశం. ఆ లెక్క 2002లో బోల్తా పడింది. దేశమంతటా మామూలుగా పడుతుందన్నారు, 19 శాతం తక్కువ పడింది. ఆ ఏడు మన పల్లెల్లో పశువుల్ని తోలుకుపోయి అమ్మినవారిని ఎవరూ మరచిపోయి ఉండరు. ఇంకా ఉత్తరానికి చూడక తప్పదన్నమాట. ఆ చూపు హిమాలయం దగ్గర ఆగక, సైబీరియా దగ్గరా ఆగక, చివరికి ఆర్కిటిక్ సముద్రం దాకా పోయింది.

ఇప్పుడు ఒక పాత ఫైలు సంగతి. మనమంతా ఫైళ్ళ మధ్య ముసలివాళ్ళమైనవాళ్ళం కనుక ఈ భాగం మీకు నచ్చుతుంది.

1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఒక ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ అనే ద్వీపసమూహం ఉంది. అది ఎవరిదో అంతవరకు తేలలేదు. ద్వీపాలు నార్వేవే గానీ, సంతకం పెట్టిన దేశాల పౌరులందరికీ అక్కడ వేటకు, చేపలకు, గనులకు, వ్యాపారానికి సమాన హక్కు ఉంటుందని, యుద్ధ అవసరాలకు ఆ భూమిని వాడరాదని అందులో రాసుకున్నారు. సంతకం పెట్టిన దేశాల్లో భారతదేశం ఒకటి. బ్రిటన్ తరపున సంతకం చేసిన డెర్బీ ప్రభువే మన తరపునా చేశాడు. మనల్ని అడిగింది ఎవరూ లేరు. 1925 ఆగస్టు 14న ఒడంబడిక అమలులోకి వచ్చింది. అంటే ఆ రోజు నుంచి కాగితం ప్రకారం రాప్తాడు రైతు కూడా స్వాల్‌బార్డ్ పోయి బొగ్గు తవ్వుకోవచ్చు! ఆనాడు ఈ రైతుకు అనంతపురం కచేరీ దాకా పోవడమే ఒక ప్రయాణం.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ సంతకం మనకు వారసత్వంగా దక్కింది. బీరువాలో పడి ఉంది. దాన్ని ఆధారం చేసుకుని మనవాళ్ళు అక్కడ అడుగు పెట్టింది 2007లో. లెక్క వేస్తే 87 సంవత్సరాలు. ఏ ఆఫీసులోనైనా పెండింగు ఫైలు ఇంతకాలం ఉందంటే ఆడిట్ వారు ఊరుకుంటారా?

అలాగని ప్రభుత్వాన్ని పూర్తిగా తప్పు పట్టలేను. ముందు దక్షిణ ధ్రువానికి పోయారు. 1981 డిసెంబరులో గోవా నుంచి డాక్టర్ ఖాసిం గారి నాయకత్వంలో 21 మంది బయలుదేరి 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగారు. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది మన ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి గారు. వారు పోయిన ఓడ నార్వే నుంచి అద్దెకు తెచ్చుకున్నది. మరుసటి ఏడు డిసెంబరులో బయలుదేరి అక్కడ మొదటి స్థావరం దక్షిణ గంగోత్రిని కట్టిన బృందానికి నాయకుడు డాక్టర్ హర్ష్ గుప్తా, తర్వాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్నది ఎవరూ కాపురముండని ఖండం. అక్కడ ఎవరి హక్కులనూ ముందుకు తేకూడదని ఒప్పందం ఉంది. ఉత్తర ధ్రువం అలా కాదు. అది సముద్రం. చుట్టూ రష్యా, నార్వే, కెనడా, అమెరికా, డెన్మార్కు వంటి దేశాలు, వేల ఏళ్ళుగా అక్కడే బతుకుతున్న జనం. పక్క ఇంటి పెరట్లోకి పోవాలంటే తలుపు తట్టి, అడిగి పోవాలి. అందుకే అక్కడ సహకారం లేకుండా ఏ పనీ జరగదు.

2007 ఆగస్టులో రసిక్ రవీంద్ర గారి నాయకత్వంలో ఐదుగురు శాస్త్రజ్ఞులు స్వాల్‌బార్డ్‌లోని నీ ఓలెసుండ్ అనే ఊరికి వెళ్ళారు. 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ధ్రువానికి సుమారు 1200 కిలోమీటర్లు. ఒకప్పుడు అది బొగ్గు గనుల ఊరు. 1962లో జరిగిన ప్రమాదంలో 21 మంది గని కార్మికులు చనిపోయారు. ఆ చావుల మీద నార్వే ప్రభుత్వమే మరుసటి సంవత్సరం పడిపోయింది. గనులు మూసి ఆ ఇళ్ళను పరిశోధనకు ఇచ్చారు. 2008 జులై 1న మన స్థావరం హిమాద్రిని కేంద్ర మంత్రి కపిల్ సిబల్ గారు ప్రారంభించారు. కట్టడం నార్వేవారిది, మనది అద్దె కాపురం. ఆ ఊరిలో మొబైల్ ఫోన్ల వైర్‌లెస్ సదుపాయాలు ఆపేసుకోవాలట, అక్కడి రేడియో టెలిస్కోపుకు అడ్డు రాకుండా. ఊరి పొలిమేర దాటితే తెల్ల ఎలుగుబంట్ల భయానికి తుపాకీ వెంట ఉండాలి. మన హైదరాబాదు సి.సి.ఎం.బి. వారు ఆ తొలి రోజుల్లోనే అక్కడి మట్టి, నీటి నుంచి బ్యాక్టీరియాను పెంచి, చలిలోనూ పని చేసే ఎంజైముల గురించి 2009లో ప్రకటించారు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చెప్పుకోదగ్గది కాదు గానీ, ఈ వ్యాసానికి అవసరం.

1985లో మండలాలు వచ్చిన కొత్తలో ఈ జిల్లాలోనే ఒక మండల ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటును. ఊరి పేరు ఎందుకులెండి. ఆఫీసు ఆవరణలో వానమాపకం ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు దాని లోపలి నీటిని కొలజాడీలో పోసి, మిల్లీమీటర్లు చూసి, రిజిస్టరులో రాసి, జిల్లా కేంద్రానికి పంపాలి. ఆ పని నాది. ఒక ఉత్తర కార్తెలో బంధువుల పెళ్ళికి పోయి ఒక రోజు ఆలస్యంగా వచ్చాను. ఆ ముందు రాత్రి వాన పడిందని నాకు తెలియదు. నీళ్ళు ఎవరు పారబోశారో, పశువులే తన్నాయో, పాత్ర ఖాళీగా ఉంది. తప్పిన రోజు గడిలో సున్నా వేసి సంతకం చేశాను.

నాలుగు రోజుల తర్వాత ఒక ముసలి రైతు వచ్చాడు. "సారూ, ఆ రాత్రి మా వంక పారింది. మీ బుక్కులో సున్నా అని రాసినారంట?" అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన కోప్పడలేదు. "చూడకుంటే చూడలేదని రాయండి సార్. సున్నా అని రాస్తే ఆ వాన పడనే లేదని అయిపోతుంది గదా" అన్నాడు. ఆ సున్నా జిల్లా సగటులోకి పోయింది, అక్కడి నుంచి ఇంకా పైకి పోయింది. దిద్దించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పటికీ సెప్టెంబరు నెల సగటు అని పేపర్లో చూస్తే ఆ సున్నా నా కళ్ళ ముందు కనబడుతుంది.

హిమాద్రిలోనూ చాలా ఏళ్ళు ఒక పెద్ద ఖాళీ గడి ఉండేది. ఏడాదిలో సుమారు 180 రోజులే మనవాళ్ళు అక్కడ ఉండేవారు. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు కనబడడు. ఆ చీకటి నెలల్లో మన రిజిస్టరు ఖాళీ. ఆ లోటును కొంత తీర్చింది 2014 జులైలో గోవా, చెన్నై సంస్థలవారు నార్వే ధ్రువ సంస్థతో కలిసి అక్కడి కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున దించిన ఇండార్క్ అనే పరికరాల మాల. మనుషులు లేకపోయినా చలికాలమంతా నీటి వేడిమి, ఉప్పదనం, ప్రవాహాలు అది రాసి పెట్టింది. 2023 డిసెంబరు 18న తొలిసారిగా శీతాకాల బృందాన్ని ప్రభుత్వం సాగనంపింది. నలుగురు. వారిలో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థ నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. ప్రభుత్వాలు చేసే ప్రకటనల కంటే ఈ నలుగురిని పంపడమే ఎక్కువ విలువైన పని అని నా అభిప్రాయం. రోజూ ఎనిమిదిన్నరకు పోయి చూసేవాడు లేకపోతే విధానం కాగితంగానే మిగులుతుంది.

ఇక సహకారం మాటకు వద్దాం. ఆర్కిటిక్ చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు 1996లో ఆర్కిటిక్ మండలిని ఏర్పరచుకున్నాయి. సైనిక వ్యవహారాలు అందులో మాట్లాడకూడదు. అక్కడి ఆదిమ జాతుల ఆరు సంఘాలకు శాశ్వత భాగస్వామ్యం ఇచ్చారు. 2013 మేలో స్వీడన్‌లోని కిరునా సమావేశంలో మనదేశాన్ని, చైనా, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, ఇటలీలతో కలిపి పరిశీలకులుగా చేర్చుకున్నారు. పరిశీలకుడికి ఓటు లేదు. వెనుక కుర్చీలో కూర్చుని వినవచ్చు, కార్యవర్గాల పనిలో పాలుపంచుకోవచ్చు. జిల్లా సమీక్షా సమావేశాల్లో వెనుక వరుసలో కూర్చున్న మన సభ్యులకు ఆ కుర్చీ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అయితే ఎవరు ఏ లెక్క తెచ్చారో తెలిసేది కూడా ఆ కుర్చీలోనే.

2021 జనవరిలో ముసాయిదా ప్రజల ముందు పెట్టి, 2022 మార్చి 17న మంత్రి జితేంద్ర సింగ్ గారు భారత ఆర్కిటిక్ విధానాన్ని విడుదల చేశారు. ఆర్కిటిక్‌లో మార్పులకూ మన రుతుపవనాలకూ సంబంధాన్ని అర్థం చేసుకోవాలని, రెండు ధ్రువాలతో పాటు మూడో ధ్రువమైన హిమాలయాన్ని కలిపి చదవాలని అందులో ఉంది. ఇంతకీ తేదీ చూడండి. సరిగ్గా రెండు వారాల ముందు, మార్చి 3న, ఉక్రెయిన్ మీద రష్యా దాడి కారణంగా మండలిలోని మిగతా ఏడు దేశాలు తమ పని ఆపేశాయి. అప్పుడు మండలి అధ్యక్ష స్థానంలో ఉన్నది రష్యాయే. సహకారం గురించి మన ప్రభుత్వం కాగితం తెచ్చేసరికి సహకారమే ఆగి ఉంది. జూన్‌లో రష్యా లేని పనులు కొన్ని మొదలుపెట్టారు. 2023 మేలో నార్వే అధ్యక్షత తీసుకుంది, 2025 మేలో డెన్మార్కు రాజ్యానికి అందింది. రష్యాతో శాస్త్రజ్ఞుల పాత రాకపోకలు మాత్రం దెబ్బతిన్నాయి.

రాప్తాడుకు దీనివల్ల ఏమిటంటారా? గోవాలోని మన ధ్రువ పరిశోధన కేంద్రంవారు 2021లో ఒక అధ్యయనం ప్రకటించారు. వేసవిలో కారా సముద్రం మీద మంచు బాగా తగ్గిన ఏళ్ళలో, దాని ప్రభావం ఐరోపా మీది గాలుల ద్వారా ఆసియా పై గాలుల దాకా అలలాగా వచ్చి, అరేబియా సముద్రపు వేడిమితో కలిసి, సెప్టెంబరులో మధ్య భారతంలో కుండపోతలకు దోహదం చేసే అవకాశం ఉందని అందులో చెప్పారు. అది మధ్య భారతం సంగతి, మన జిల్లా సంగతి కాదు. మన ఉత్తర కార్తె గుట్టు తేలిపోయిందని నేను అనడం లేదు. కానీ నెల ఏదో చూడండి, సెప్టెంబరే. కారా సముద్రం ఎవరిదో చూడండి, రష్యా ఉత్తర తీరంలోనిది. సముద్రం మీది మంచును ఉపగ్రహాలు చూస్తాయి, నిజమే. తీరం మీది నేల వేడిమిని, నదుల నీటిని, లోతులోని ఉప్పదనాన్ని మనిషి పోయి కొలవాలి. ఆర్కిటిక్ తీరంలో సుమారు సగం రష్యాదే. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోందని 2022లో లెక్క తేల్చారు. ఇంత వేగంగా మారే చోట సగం రిజిస్టరు మూసుకుంటే, మిగతా సగంతో వేసిన సగటులో నేను వేసిన సున్నాలాంటివి ఎన్ని చేరతాయో.

మన ప్రభుత్వం రెండు వైపులా మాటలు తెంచుకోలేదు. నార్వేలో స్థావరం నడుస్తూనే ఉంది. రష్యాతో ఉత్తర సముద్ర మార్గం గురించి ఒక కార్యవర్గం 2024 అక్టోబరులో ఢిల్లీలో మొదటిసారి సమావేశమైంది. అయితే ఈ రెండో వైపు మాటల్లో ఓడలు, చమురు, రేవులు ఎక్కువగా వినబడుతున్నాయి గానీ కొలతలు తక్కువ. మంచు కరిగితే దారి దగ్గరవుతుందని సంతోషించేవారు, ఆ కరగడమే మన వానకు ఏం చేస్తుందో చెప్పేవారు ఒకే విధానపత్రంలో పక్కపక్క స్తంభాలుగా ఉన్నారు. పౌరుడిగా నాకు రెండో స్తంభం మీదే మక్కువ. ఓడలు ఎలాగూ పోతాయి, వాటికి డబ్బు పెట్టేవారున్నారు.

ఇంకొక్క మాట. ఇస్రో కార్యక్రమం కింద మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రంవారు గాలిలోని నల్లమసిని ఏళ్ళ తరబడి కొలిచారు. అదే ఇస్రోకు చెందిన తిరువనంతపురం ప్రయోగశాలవారు హిమాద్రి దగ్గర కూడా మసిని కొలిచారు. తెల్లటి మంచు మీద మసి పడితే ఎండను పట్టుకుని త్వరగా కరిగిస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా మనవరాలు నోట్సులో రాసుకుంది. పరీక్షలో అడగరు తాతా, అయినా రాసుకుంటాను అంది.

మన సభ్యులకు ఒక విన్నపం. పాత తాలూకా కచేరీల్లో, మండల ఆఫీసుల్లో వర్షపాతం రిజిస్టర్లు రాసినవారు మనలో ఇంకా కొందరు ఉన్నారు. ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాక ఆ పుస్తకాలు చెదలు పట్టి చిత్తు కాగితాల కింద పోతున్నాయని విన్నాను. అంగుళాలు, సెంట్లలో రాసిన 1957కు ముందువి ఎక్కడైనా మిగిలి ఉంటే, ఏ గదిలో ఉన్నాయో సంఘ కార్యాలయానికి ఒక కార్డు రాయండి. కార్యదర్శి గారితో మాట్లాడాను, అధికారుల అనుమతి తీసుకుని నకలు తీయించే బాధ్యత నేను తీసుకుంటాను. తేదీ తప్పిన గడులుంటే వాటిని అలాగే ఖాళీగా ఎక్కిద్దాం.